తుమ్ము మర్యాద

పూత 1వ రోజు

ఇది గాలి చిట్టా. దిగువూరి ముప్పై రెండు గదుల్లో గాలి ఎలా ఉందో మాత్రమే ఇందులో రాయాలని నియమం. మొదటి ముక్కు వాసన చూస్తుంది, రెండో ముక్కు పది అడుగుల వెనక నడుస్తూ రాస్తుంది. రెండో ముక్కును నేను, ఓదెమ్మను. పదకొండేళ్ళు నేనే ముందు నడిచాను. ఇప్పుడు వెన్నెల ముందు నడుస్తోంది, నేను దాని వెనక పలక పట్టుకున్న బడిపిల్లలా తిరుగుతున్నాను. రాసేది నేనే కాబట్టి నాకు తోచింది రాస్తాను. పూత ముగిశాక సభలో దీన్ని బయటికి చదవాల్సిందీ నేనే. వద్దనుకున్న చోట మింగేస్తే ఎవరు చూడొచ్చారు.

ఈ రోజు జొన్న పూతకొచ్చింది. ఒకటో గది నుంచి పన్నెండో గది దాకా దీపాల కింద పెరిగే జొన్నంతా ఒక్కసారే పూసింది. గాలి మరలు ఆ పుప్పొడిని ఊరంతా చల్లాయి. మధ్యాహ్నానికల్లా ఆరు గల్లీల్లోనూ తుమ్ములే తుమ్ములు. ఇంకో మూడు వారాలు ఇదే బతుకు. పైన ఎండకు మనిషి నిలవలేడని మా తాతలు బొగ్గు తవ్వి వదిలేసిన ఈ సొరంగాల్లోకి దిగారు. జలుబు మాత్రం మమ్మల్ని వదలకుండా వెంటే దిగింది.

ముప్పై రెండు తలుపులూ చూశాం. ప్రతి తలుపుకీ జానెడు కిటికీ ఉంటుంది. అది తెరిచి, ముక్కు పెట్టి పీల్చి, గాలి మంచిదైతే గడియకు పచ్చగుడ్డ కట్టాలి. గుడ్డ కట్టేదాకా ఎవరూ లోపల అడుగు పెట్టరు. మా దీపాలూ పొయ్యిలూ పేడ తొట్లలో పుట్టే గాలితోనే వెలుగుతాయి. ఆ గాలి గొట్టం దాటి గదిలోకి చేరిందంటే మనిషి నాలుగు ఊపిర్లలో పడిపోతాడు. దాన్ని కనిపెట్టే పెట్టెలు మా చిన్నప్పుడే చెమ్మకు తుప్పు పట్టాయి. లేని వాసనకు అరవడం, ఉన్న వాసనకు నోరు మూసుకోవడం మొదలుపెట్టాయి. అందుకని ఊరు మనిషి ముక్కునే నమ్ముకుంది.

మొదటి ముక్కుకు ఊరు ఒక ఇత్తడి పుడక పెడుతుంది. పోయిన ఏడాది దాన్ని తీసి ఇచ్చేశాను. ముక్కుకున్న రంధ్రం ఇంకా పూడలేదు, తడిమినప్పుడల్లా కడుపు రగిలిపోతుంది. పరీక్షకు మూతలు కట్టిన ఏడు కుండలు పెట్టారు. ఆరు కుండలు ఇద్దరం సరిగ్గానే చెప్పాం. ఏడో కుండకి నేను తడి మట్టి అన్నాను. వెన్నెల ‘ఏం లేదు’ అంది. ఖాళీ కుండ పెట్టారట! మట్టి కుండ మట్టి వాసన రాదా? నా మాట మాత్రం ఎలా తప్పవుతుంది? చప్పట్లు దానికి కొట్టారు.

గాలి: ముప్పై రెండు గదులూ మంచివి.

పూత 4వ రోజు

గాలి మంచిది. నా మనసే బాగాలేదు.

ఈ ఊళ్ళో ఎవరైనా తుమ్మితే పక్కనున్నవాళ్ళు ‘చిరంజీవ’ అని, నడుముకు కట్టుకున్న డబ్బా తెరిచి ఒక బిళ్ళ ఇవ్వాలి. తుమ్మినవాళ్ళు రెండు చేతులా పుచ్చుకుని అక్కడే మింగాలి. వద్దంటే ఇచ్చినవాళ్ళ గల్లీనే వద్దన్నట్టు. దీన్ని తుమ్ము మర్యాద అంటాం. ఏ గల్లీ మందు ఆ గల్లీది. మా ఒకటో గల్లీది పసుపు బిళ్ళ, ముక్కుకు మంచిదంటారు. రెండో గల్లీ నీలం బిళ్ళ తలకు, మూడో గల్లీ ఎర్ర పాకం గొంతుకు. అలా ఆరు గల్లీలకు ఆరు రంగులు. మా మందు ముందు మీ మందు ఎంత అని పెళ్ళిళ్ళలో కూడా తగువులాడుకుంటారు.

తలుపులు చూడటం అయ్యాక అందరం చాయ్ బండ దగ్గర కూర్చుంటాం. ఈ రోజు వెన్నెల తుమ్మింది. ఒక్క తుమ్ము! ఎంతమంది లేచారో! నీలం బిళ్ళ ముందు అందింది. కాసేపటికి మళ్ళీ తుమ్మితే ఆకుపచ్చది. మూడోసారికి ఎర్ర పాకం సీసా పట్టుకుని ఒకామె పరుగున వచ్చింది. “మా ముక్కు బాగుంటెనే మేం బాగుంటం” అని దాని గడ్డం పట్టుకుంది. మా ముక్కట!

నేనూ తుమ్మాను. నిజమైన తుమ్మే, బండ అదిరిపోయేలా. పక్కన కూర్చున్న ముసలాయన ఒక్కడే డబ్బా తెరిచాడు. ఆయనకు చెవులు సరిగ్గా వినబడవు. తుమ్మింది వెన్నెల అనుకుని డబ్బా అటు చాపి, నేనని తెలిశాక ఇటు తిప్పాడు. పదకొండేళ్ళు ఈ ఊరికి ఊపిరి పోసిన ముక్కు నాది, థూ.

పూత 6వ రోజు

గాలి మంచిది. ఈ రోజు ఒక సంగతి పట్టుకున్నాను.

పొద్దున స్నానాల గది దగ్గర వెన్నెల గోడవైపు తిరిగి కొంగుముడి విప్పుతోంది. అందులోంచి సగానికి విరిచిన చిన్న తెల్ల బిళ్ళ తీసి గుటుక్కున మింగింది.

“ఏందది?” అన్నాను.

అది ఉలిక్కిపడింది. “ఏం లేదక్కా.”

ఏం లేదనడం దానికి బాగా కలిసొచ్చింది కదా.

“నా కండ్లు కట్టకు. మా అత్త పన్నెండేండ్లు మింగింది గది. బీపీ గోలీ.”

దాని మొహం పాలిపోయింది. గబుక్కున నా చెయ్యి పట్టుకుంది. “అక్కా, నీ కాళ్ళు మొక్కుత, ఎవ్వలికీ చెప్పకు. బీపీ ఉన్నోళ్ళను తలుపుల కాడికి రానియ్యరని నీకు తెల్వదా? నాకు ఈ ఊర్ల ముక్కు తప్ప ఇంకేమున్నది?”

నిజమే, దానికి ఎవరూ లేరు. నీళ్ళొచ్చి మునిగిన పై సొరంగం నుంచి మూడేళ్ళ క్రితం ఒక్కతే దిగొచ్చింది, వస్తూ తెచ్చుకున్న గోలీలే సగం సగం మింగుతోందట. జాలి పడాల్సింది. పడలేదు. చెప్పనులే అన్నాను. చెప్పనని మాటిచ్చి, చెప్పగలనన్న సంగతి నోట్లో బెల్లంముక్కలా చప్పరిస్తూ రోజంతా తిరిగాను.

పూత 7వ రోజు

రాయడానికి సిగ్గుగా ఉంది, అయినా రాస్తున్నాను. ఈ రోజు దొంగ తుమ్ములు తుమ్మాను.

వెన్నెలకు నిన్న చాయ్ బండ దగ్గర నాలుగు వచ్చాయి. లెక్కపెట్టాను. నాకు కనీసం మూడైనా రావాలని పంతం పట్టి, వెన్నెల లేని చోటు చూసుకుని, మర తిప్పే ఆడవాళ్ళ మధ్య కూర్చుని తుమ్మాను. పసుపుది వచ్చింది. కాసేపాగి నీళ్ళ తొట్టి దగ్గర తుమ్మాను, నీలంది. వంటశాల గుమ్మంలో తుమ్మితే ఎర్ర పాకం, ఇంత పెద్ద చెంచాడు. ఎంత సంబరమనిపించిందో! నన్నూ మరిచిపోలేదన్నమాట అనుకున్నాను.

సాయంత్రానికి సంబరం దిగింది. కళ్ళు మూతలు పడుతున్నాయి, గుండె మాత్రం తరుముకొస్తున్నట్టు దడదడమంటోంది. నోరు అట్ట కట్టుకుపోయింది. ఒంటేలుకు పోదామంటే రాదు. చేతులు వణికి రెండు గదుల అంకెలు తప్పు రాశాను, కొట్టేసి మళ్ళీ రాశాను.

పూత 8వ రోజు

గాలి మంచిది. పొద్దున్నే రాయమల్లన్న మీదికి తగువుకు పోయాను. ఊరి మందులన్నీ చేసే మర ఆయన చేతిలోనే ఉంటుంది.

“ఏం కలిపినవ్ నా పసుపు గోలీల? రాత్రంతా గుండెదడ ఆగలే!” అన్నాను.

ఆయన మర ఆపకుండానే నా మొహంలోకి చూశాడు. “ఎన్ని మింగినవ్ ఓదెమ్మా?”

“మూడు. ఒక్కో రకం ఒక్కోటి. పసుపుది, నీలంది, ఇంత ఎర్ర పాకం.”

“మూడు రకాలు గాదు తల్లీ. ఒక్కటే మందు మూడుసార్లు మింగినవ్.”

నాకు అర్థం కాలేదు. ఆయన నన్ను మర వెనక్కి తీసుకుపోయాడు. అక్కడ రెండే పిండి డబ్బాలు ఉన్నాయి.

“ఈ డబ్బలది తుమ్ములు, ముక్కు కారుడు ఆపుతది. నిద్ర తెస్తది, నోరు ఎండగొడ్తది, ఒంటేలుకు పోవుడు కష్టమైతది. ఈ రెండో డబ్బలది బిగుసుకున్న ముక్కును తెరుస్తది. ముక్కుల నరాలను బిగవట్టే తెరుస్తది గదా, ఒంట్ల నరాలను గూడ బిగవడ్తది. గుండెను ఉరికిస్తది. రెండు కల్పితే మీ జలుబు గోలీ. రంగు మీది, మందు గిదే. ఆరు గల్లీలకూ గిదే.”

“మరి గొంతుకనీ, తలకనీ అంటరు?”

“మీరంటరు. నేనన్ననా?”

నాకు ఒళ్ళు మండింది. “గీ ముక్క ఊరికి చెప్పవా?”

“చెప్పిన. అందరికి ఒక్కటే రంగు చేస్తనన్న. ఆరు గల్లీలోళ్ళు నా మీదికొచ్చిండ్రు. మా నీలంది వాళ్ళ పసుపుదానితోని సమానమా అని ఒకాయన కట్టె పట్టిండు. ఇగ నేను నోరు మూసుకున్న.”

మర పక్కన మేకుకు ఒక పాత కాగితం వేలాడుతోంది. చెమ్మకు అక్షరాలు సగం పోయాయి, ఆయనకు నోటికొచ్చు. చూడకుండానే అప్పజెప్పాడు. “ఒకటి మింగినంక రాసిన టైం అయ్యేదాక ఇంకోటి మింగొద్దు. జలుబుకని ఇంకో మందు చేతుల వడితే అండ్ల గూడ ఇవే ఉన్నయా అని సూసుకోవాలె. మింగి మర నడపొద్దు. బీపీ, గుండె జబ్బు, కంట్ల ఒత్తిడి ఉన్నోళ్ళు డాక్టరును అడగంది ముట్టుకోనే వద్దు.”

“బీపీ ఉన్నోళ్ళు ముట్టుకుంటే ఏమైతది?”

“ముందే పోటు మీదున్న నెత్తురు ఇంకింత పొంగుతది. ఒక్కటి మింగితేనే అనలేం, తీరుతీరువి కలిపి మింగితే నెత్తిల నరం తెగినా తెగుతది. ఎందుకడుగుతున్నవ్? ఎవలకన్న ఉన్నదా?”

“ఏం లేదు” అన్నాను.

వెన్నెలకు బీపీ ఉందని రాయమల్లన్నకు తెలియదు. అన్ని రంగులూ ఒకటే మందని వెన్నెలకు తెలియదు. రెండూ తెలిసింది ఊళ్ళో నాకొక్కదానికే. రేపు దానికి చెప్పాలి. చాయ్ బండ దగ్గరికి పోకముందే చెప్పాలి.

పూత 9వ రోజు

చెప్పలేదు.

పొద్దున తలుపుల దగ్గర చెబుదామనుకున్నాను. పదో తలుపు దగ్గర ఒక ముసలామె దాని పుడక ముట్టుకుని కళ్ళకద్దుకుంది. నేనున్న పదకొండేళ్ళలో ఒక్కసారి కూడా ఎవరూ అలా చెయ్యలేదు. చెబుదామన్న మాట పక్కన పెట్టి పదకొండో తలుపు అంకె రాసుకున్నాను.

చాయ్ బండ దగ్గర వెన్నెల తుమ్మింది. నీలంది వచ్చింది. మళ్ళీ తుమ్మింది. నల్లది వచ్చింది. దాని కళ్ళు ఎర్రబడి ఉన్నాయి, కణతలు నొక్కుకుంటోంది. మూడోసారి తుమ్మేసరికి దాని పక్కన ఉన్నది నేనే. అందరూ నావైపు చూశారు.

రెండో గల్లీ ఆమె ఒకతి నవ్వింది. “ఏందే ఓదెమ్మా, డబ్బ తెరుస్తలేవ్? ఇంక సల్లారలేదా కడుపుమంట?”

బండంతా నవ్వింది. నేను డబ్బా తెరిచాను. చిరంజీవ అన్నాను. నా పసుపు బిళ్ళ దాని చేతిలో పెట్టాను.

వెన్నెల రెండు చేతులా తీసుకుంది. “అక్కా, నువ్వియ్యవట్టి ఇదే మొదలు” అంది, ఎంత సంతోషంగానో. మింగేసింది.

నలుగురిలో పరువు పోతుందని ఇచ్చానని రాసుకోవచ్చు. అది సగం నిజం. మిగతా సగం ఏమిటంటే, అది పడిపోతే చూడాలనిపించింది. చస్తుందని కాదు. ఒక్కసారి, అందరి ముందూ, కాళ్ళు తడబడి కూలబడితే చాలనిపించింది. ఇది సభలో చదవను. ఈ పేజీ చిట్టాలో లేనట్టే తిప్పేస్తాను.

పూత 10వ రోజు

అక్షరాలు వంకరపోతే క్షమించాలి.

పొద్దున వెన్నెల వచ్చిన తీరు చూసే నాకు తెలిసింది. ఇంట్లో లేవగానే ఆకుపచ్చది ఒకటి, దారిలో తుమ్మితే ఎర్ర పాకం ఒక చెంచా తాగిందట. నడుస్తూనే తూలుతోంది. కిటికీ తెరిచి ముక్కు పెట్టి, అక్కడే కళ్ళు మూసుకుంటోంది. ఏమైందంటే “నిద్ర చాల్లేదక్కా” అంది. పద్దెనిమిదో తలుపు దాకా అలాగే లాక్కొచ్చింది.

పంతొమ్మిదో తలుపుకు పచ్చగుడ్డ కట్టింది. బయట ఎనిమిది మంది గంపలు పట్టుకుని నిలబడి ఉన్నారు. కిటికీ సరిగ్గా మూయలేదు. పది అడుగుల దూరంలో నా ముక్కుకు తగిలింది కుళ్ళిన గుడ్డు వాసన.

“ఆగుండ్రి!” అని అరిచి ఆ గుడ్డ పీకి పారేశాను. ముందున్నవాడు అప్పటికే గడియ మీద చెయ్యి వేశాడు. వాణ్ణి వెనక్కి గుంజి కిటికీ అదిమి మూశాను. తొట్లవాళ్ళు పరుగెత్తి గొట్టం కట్టేశారు. ఎవరికీ ఏమీ కాలేదు.

వెనక్కి తిరిగేసరికి వెన్నెల గోడకు జారగిలబడి కూర్చుని ఉంది. రెండు చేతులతో తల పట్టుకుంది. “అక్కా, తల పగిలిపోతున్నది. గుండె గొంతులకొచ్చింది.”

కోరుకున్నది కళ్ళముందే జరిగింది. అందరి ముందే కూలబడింది.

జనం మూగారు. పూత తలనొప్పి అన్నారు. ఒక్కసారే పది డబ్బాలు తెరుచుకున్నాయి. నీలంది పెట్టు తలకు మంచిదని ఒకరు, పాకం పొయ్యమని ఇంకొకరు.

“ఎవ్వలన్న గోలీ తీసిండ్రంటే చెయ్యి విరగ్గొడ్త!” అని నేను అరిచిన అరుపు ఆరు గల్లీలకూ వినబడి ఉంటుంది. దాన్ని ఎత్తుకుని మందుల గదికి తెచ్చాం. రాయమల్లన్న పట్టీ కట్టి బీపీ చూశాడు. పైది రెండు వందల పది. ఆయన మొహం మాడిపోయింది.

మాకు డాక్టరు లేరు. పక్క ఊరి డాక్టర్ సబితమ్మతో తీగ ఫోనులో మాట్లాడాలి. ఆ ఫోనులో మాట గదంతా వినబడుతుంది. గదిలో ముప్పై మంది ఉన్నారు.

“పోటు ఎంతుంది?” అని సబితమ్మ అడిగింది. చెప్పాను. “ఆమెకు ముందు నుంచి బీపీ ఉందా? ఏమైనా మందులు వేసుకుందా? ఎవరికి తెలుసు?”

వెన్నెల కళ్ళు తెరిచి నావైపు చూసింది. తల అడ్డంగా ఊపింది, చెప్పొద్దని.

అప్పుడు నా బుర్రలో ఏం తిరిగిందో అలాగే రాస్తున్నాను. చెబితే దాని పుడక పోయి నాకొస్తుంది. చెప్పకపోతే అది పోయి పుడక నాకొస్తుంది. ఎటు తిరిగినా నాకే. అంత నీచమైన ఆలోచన ఎలా వచ్చిందో గానీ వచ్చింది. అది వచ్చి పోయేదాకా నేను మాట్లాడలేదు, మూడు ఊపిర్లు పీల్చినంత సేపు. ఫోనులో సబితమ్మ “హలో? హలో?” అంటూనే ఉంది.

“ఉన్నది డాక్టరమ్మా” అన్నాను. “బీపీ ఉన్నది. రోజు సగం గోలీ మింగుతది, ఎవ్వలికీ తెల్వకుండ. దాని మీద జలుబు మందు మింగింది. నేను సూసినంతల నిన్న మూడు, ఇయ్యాల రెండు. రంగులు వేరు, మందు ఒక్కటే. రెండు పిండ్లు కల్పినది. నిన్న ఒకటి నేనే ఇచ్చిన.”

గదిలో గుసగుసలు లేచాయి. వెన్నెల కళ్ళు మూసుకుంది. కళ్ళ చివర్ల నుంచి నీళ్ళు కారాయి.

“చెప్పి మంచి పని చేశావు” అంది సబితమ్మ. “ఇక ఏ బిళ్ళా ఇవ్వొద్దు. తన బీపీ బిళ్ళ కూడా నేనొచ్చేదాకా ఇవ్వొద్దు. తల ఎత్తుగా ఉండేలా కూర్చోబెట్టండి, గదిలో జనాన్ని పంపేయండి. మూతి వంకరపోతోందా, చేతులు రెండూ ఎత్తగలుగుతోందా, మాట తడబడుతోందా చూస్తూ ఉండండి. ఏదైనా తేడా వస్తే వెంటనే ఫోను చేయండి. బయల్దేరుతున్నాను.”

ఆమె సొరంగం దారిన బండి మీద రావడానికి మూడు గంటలు పట్టింది. ఆ మూడు గంటలూ నేను “చెయ్యెత్తు, ఇంకోటి ఎత్తు, నీ పేరు చెప్పు” అంటూ కూర్చున్నాను. ప్రతిసారీ చెయ్యెత్తింది. ప్రతిసారీ “వెన్నెల” అంది. నా మొహం మాత్రం చూడలేదు.

గాలి: పంతొమ్మిదో గది చెడ్డది. మిగతావి నేనే చూశాను, మంచివి.

పూత 12వ రోజు

గాలి మంచిది.

వెన్నెల బతికింది. పోటు దిగింది, కాలూ చెయ్యీ మాటా బాగున్నాయి. ఇంకొంచెం ఆలస్యమైనా, ఇంకో రెండు బిళ్ళలు పడినా తాను చేయగలిగేది ఏమీ ఉండేది కాదని సబితమ్మ అంది. నాతో అని, నా డబ్బా వైపు చూసింది.

ఊరి పెద్దలు పుడక తీసి గుడ్డలో చుట్టి నాకిచ్చారు. సభ అయ్యేదాకా దాచమన్నారు, ఆ తర్వాత పెట్టుకోమన్నట్టే. గల్లీలో నన్ను చూసి చేతులు జోడిస్తున్నారు, ఎనిమిది మందిని కాపాడానని, వెన్నెలను కాపాడానని. నిన్న మొన్నటి దాకా దీని కోసమే కదా ఏడ్చాను.

ఇంటికొచ్చి తలుపు వేసుకుని ఒక్కసారి పెట్టి చూశాను. రంధ్రంలో సరిగ్గా పట్టింది. తీసేశాను.

పూత 21వ రోజు

పూత రాలిపోయింది. ఈ రోజు సభ.

చిట్టా పట్టుకుని లేచాను. మొదటి రోజుది చదివాను, ఖాళీ కుండ దగ్గర జనం నవ్వారు. దొంగ తుమ్ముల దగ్గర పడీపడీ నవ్వారు. ఎనిమిదో రోజుది, చివర్లో బీపీ మాటలు మింగేసి, చదివితే ఆరు గల్లీలూ ఒక్కసారే అరిచాయి, రాయమల్లన్న లేచి రెండు డబ్బాలూ తెచ్చి మధ్యలో పెట్టాడు. తర్వాత తొమ్మిదో రోజు వచ్చింది.

తిప్పేద్దామనుకున్న పేజీ అది. వేలు కింద రెండు కాగితాలు కలిపి పట్టుకున్నాను కూడా. ముందు వరసలో వెన్నెల కూర్చుని ఉంది. బీపీకి ఈ మందు పడదని తెలియక ఇచ్చానని అది అనుకుంటోంది. ఆ నమ్మకంతోనే పొద్దున నాకు నమస్కారం పెట్టింది, చెప్పి ప్రాణం నిలబెట్టావక్కా అంది. ఆ నమస్కారం మోయడం నా వల్ల కాలేదు. చదివాను. ‘పడిపోతే చూడాలనిపించింది’ అన్నదాకా గొంతు తగ్గించకుండా చదివాను.

ఎవరూ నవ్వలేదు. పుడక గుడ్డతో సహా పెద్దల ముందు పెట్టి కూర్చున్నాను.

వెన్నెల లేచింది. “దాచిపెట్టింది నేను” అంది. “బీపీ ఉన్నదని ముందే చెప్తే ఎవ్వలూ ఇయ్యకపోదురు. ఇగ అక్క సంగతి...” అని ఆగి నావైపు తిరిగింది. “తెల్సి ఇచ్చినవా? నీ మొదటి గోలీ అని నేనెంత మురిసిన్నో తెల్సా నీకు?”

తెలుసు. అదే కదా రాసుకున్నాను. చిట్టా మూసి ఏడ్చాను. అంత ఏడుపు నేను మా అమ్మ పోయినప్పుడు కూడా ఏడవలేదు.

పెద్దలు నన్నే అడిగారు, ఇప్పుడేం చేద్దామని. మర్యాద మానేద్దామని ఒకరిద్దరు అన్నారు. మానరు, నాకు తెలుసు. ఈ ఊరు ఊపిరైనా మానుతుంది గానీ మర్యాద మానదు. నేనొక మాట చెప్పాను. “తుమ్మితే చిరంజీవ అనుండ్రి. డబ్బ తెరవకముందు రెండు మాటలు అడుగుండ్రి. పొద్దున్నుంచి ఏమేం మింగినవ్, నీకు ఒంట్ల ఏమేమున్నయ్ అని. జవాబు ఇనకుండ గోలీ ఇచ్చినోళ్ళే మర్యాద తప్పినట్టు.” రంగులు కూడా ఒక్కటి చేయాలన్నాను. దానికి మళ్ళీ తగువు మొదలైంది, ఏ గల్లీ రంగు అని. చివరికి రంగే లేకుండా చేద్దామన్నారు.

సబితమ్మ కబురు పంపింది. పోటు అదుపులో ఉంటే వెన్నెల తలుపులు చూడొచ్చట. ఈ జలుబు బిళ్ళ మాత్రం ముట్టుకోకూడదు. మరిగించి చల్లార్చిన ఉప్పునీళ్ళతో రోజూ ముక్కు కడుక్కోవాలి. పుడక మళ్ళీ దాని ముక్కుకే పెట్టారు.

నాకు శిక్ష కూడా వేశారు. రోజూ పొద్దున ఆ ఉప్పునీళ్ళు మరిగించి తీసుకుపోయి ఇవ్వాల్సింది నేను.

మరుసటి పూత 1వ రోజు

గాలి మంచిది. జొన్న పూసింది.

ఏడాది పాటు ఉప్పునీళ్ళు మోశాను. మొదటి మూడు నెలలు వెన్నెల చెంబు తీసుకుని తలుపు వేసేసేది. తర్వాత కూర్చోమంది. ఇప్పుడు నీళ్ళలో ఉప్పెక్కువైందని తిడుతుంది కూడా.

కొత్త మర్యాద ఊరంతా నిలబడింది. పిల్లలు కూడా ఒకరినొకరు అడుగుతున్నారు, ఏమేం మింగినవ్ రా అని. దీన్ని ‘వెన్నెల మర్యాద’ అంటున్నారు. చెప్పింది నేను. సభలో నలుగురి ముందు ముక్కు చీదుకుంటూ చెప్పింది నేను. పేరు దానిది!

పొద్దున చాయ్ బండ దగ్గర నాకు తుమ్మొచ్చింది. నలుగురూ ఉన్నారు. వెన్నెల అందరికన్నా ముందే నావైపు తిరిగి చిరంజీవ అంది. తాను మింగకపోయినా ఇతరుల కోసం డబ్బా కట్టుకునే ఉంటుంది. నాకు దాని చేతి నుంచి ఒక్క బిళ్ళ అందరి ముందూ రెండు చేతులా పుచ్చుకోవాలనిపించింది. ఎందుకో అడగొద్దు.

“పొద్దున్నుంచి ఏమేం మింగినవక్కా?”

“ఏం లేదు” అన్నాను.

అది డబ్బా మీద చెయ్యి అలాగే పెట్టి, దగ్గరికొచ్చి, నా మొహం ముందు ఒక్కసారి గాలి పీల్చింది.

“పాకం తాగినవ్. ఒక చెంచ. గంటన్నర అయితుండొచ్చు.” డబ్బా మూత గట్టిగా నొక్కింది. “నేనియ్య. మింగి మర నడపొద్దని సభల నువ్వే చదివితివి గదా, తలుపులు సూసుడు గూడ గంతే. ఆ చిట్టా ఇటియ్యి. ఇంటికి పోయి పండుకో.”

పాకం తాగాక రెండుసార్లు నోరు పుక్కిలించి, లవంగం నమిలి మరీ వచ్చాను. అంత చిన్న వాసన నా ముక్కుకైతే తగిలేది కాదు. పదకొండేళ్ళలో ఏ రోజూ తగిలేది కాదు. ఈ ముక్క సభలో గట్టిగా చదువుతాను. ఒళ్ళు మండిపోతోంది.